చిహ్నలేఖనము – కంప్యూటరు

గడచిన సంవత్సరము మన పాఠశాలలో బదిలీపత్రము పుచ్చుకొని పైచదువునకు బోయిన యొక విద్యార్థిని, దూరపు పట్టణములోని యొక కార్యాలయమువారు మఱల మన యూరికి బంపిరి. పత్రము శిరోభాగమున నచ్చయిన దీపమునకు కిరణములు పదునాఱు. అడుగున వేసిన రబ్బరు ముద్రలోని దీపమునకు పదునాలుగు. “ఈ రెంటిలో మీ పాఠశాల ముద్ర యేది?” యని అచ్చటి గుమాస్తా యడిగెనట. బాలుడేమి చెప్పగలడు? అతని తండ్రి రెండు దినముల కూలి మానుకొని, రాయదుర్గము మీదుగా రెండుమాఱులు బస్సెక్కవలసివచ్చెను. ఈ సంగతి విన్న సాయంకాలము నేను ద్వారముకడకు బోయి, గోడమీద వ్రాసియున్న దీపపు కిరణములను లెక్కించితిని. అచ్చట పదునైదు కలవు.

ఇందు ఎవరినిగాని దూషింప బనిలేదు. అచ్చుకూటమువా డొక పాత కాగితమును జూచి గీసెను. ముద్ర చేయువా డా యచ్చును జూచి చెక్కెను. గోడకు రంగులు వేయువాడు ముద్రను జూచి వ్రాసెను. ప్రతిమాఱును కొంత తఱిగినది, కొంత పెరిగినది. నకలునకు నకలు తీయుచు బోయినచో జరుగవలసినదే జరిగినది. చిత్రలేఖనము బోధించువాడనగుటచే ఈ చిహ్నమును మఱల గీయు భారము నాపై బడినది. దానిని కంప్యూటరుతో నెట్లు గీసితిమో, గీయుచు నేమి నేర్చుకొంటిమో, విద్యార్థులకు దెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

మొదట నొక ముఖ్యవిషయము. చిహ్నమనగా బొమ్మ గాదు, లెక్క. మీ యిండ్లలో ధనుర్మాసమున వాకిట వేయు ముగ్గును దలంచుకొనుడు. పెద్దమ్మగారింట నొక మంచి ముగ్గు జూచినచో మీ తల్లి దానిని కాగితముపై నెత్తుకొని రాదు. “పదునైదు చుక్కలు, ఎనిమిది వచ్చువఱకు, సందుచుక్క” అని మనసున నుంచుకొని వచ్చును. నడిమివరుసలో 15 చుక్కలు, పైకిని క్రిందికిని ఒక్కొక్కటి తగ్గుచు 8 వఱకు; మొత్తము 169. ఆ లెక్క తెలిసిన వారెవ్వరైనను, ఏ యూరనైనను, ఎంత వాకిట నైనను ఆ ముగ్గునే వేయగలరు. లెక్క చెడక యున్నంతవఱకు ముగ్గు చెడదు. మన దీపమునకు లెక్క యెక్కడను వ్రాసిపెట్టబడలేదు, కనుకనే చెడినది.

కంప్యూటరునందు బొమ్మలు రెండు తెఱగులుగా నిలుచును. ఫోనుతో దీసిన ఛాయాచిత్రము మొదటి తెఱగునకు జెందినది. అది చిన్న చిన్న చదరములు పేర్చిన గచ్చువంటిది. ఒక్కొక్క చదరమునకు నొక్కొక్క రంగు. దానిని పెద్దది చేసినచో చదరములే పెద్దవగును గాని క్రొత్త వివర మేదియు బుట్టదు. గోడంత ఫ్లెక్సుపై అంచులు మెట్లుమెట్లుగా గనబడు చిహ్నములను మీరు చూచియే యుందురు. రెండవ తెఱగున చదరములు లేవు. ఆజ్ఞలు మాత్రమే యుండును. “ఈ బిందువు కేంద్రముగా 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధముతో వృత్తము” అని యుండును. కావలసిన ప్రతిమాఱును యంత్రమా యాజ్ఞను జదివి వృత్తమును క్రొత్తగా గీయును. గుండీయంత గీసినను గోడయంత గీసినను అది వృత్తమే. మన తల్లుల చుక్కలలెక్క యీ రెండవ తెఱగునకు జెందినదని వేఱుగ జెప్పనక్కఱలేదు.

క్యాడ్ అని పిలువబడు నక్షాలేఖన సాఫ్టువేరు లన్నియు నీ రెండవ తెఱగుననే పనిచేయును. 1963లో అమెరికాదేశమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఐవాన్ సదర్లాండ్ అను విద్యార్థి తన పరిశోధనకై స్కెచ్‌ప్యాడ్ అను కార్యక్రమమును రచించెను. తెఱపై వెలుగుకలముతో గీతలు గీయుట, ఒక మూలరూపమును గీసి దాని ప్రతిరూపములను గావలసినన్ని చోట్ల నుంచుట, మూలమును మార్చినచో ప్రతిరూపములన్నియు దమంతట మాఱుట – ఇవన్నియు నప్పుడే దానియందు గలవు. 1982లో ఆటోడెస్క్ సంస్థ ఆటోక్యాడ్‌ను వెలువరించిన పిమ్మట ఈ విద్య చిన్న కార్యాలయములకును వచ్చినది. ఇవి యింజనీర్లకై పుట్టినవి, చిత్రకారులకై కాదు. అయినను వృత్తములు, కోణములు, సమభాగములు గల చిహ్నమునకు ఇంతకంటె నమ్మకమైన పనిముట్టు లేదని నా యభిప్రాయము. లిబ్రెక్యాడ్ అను సాఫ్టువేరు వెల లేక లభించును. మన పాఠశాల కంప్యూటరున మేము వాడినది అదియే.

విద్యార్థులకు అభ్యాసముగా నేను మొదట నిచ్చినది మన రాష్ట్రచిహ్నము. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము స్వీకరించిన యీ చిహ్నము అమరావతి శిల్పమునుండి గైకొనబడినది. నడుమ పూర్ణఘటము, దాని చుట్టును ధర్మచక్రము, త్రిరత్నములు, ఆకులు, మణులు వరుసగా దీర్చిన మాల. ఇవి గాక ముత్యములవంటి చుక్కల వలయములు మూడు: లోపలి వలయమున 48, నడిమి వలయమున 118, వెలుపలి యంచున 148. ఈ సంఖ్యలు ప్రభుత్వపు వివరణమునందే కలవు.

వృత్తలేఖినిని, గీతబద్దను మాత్రము గొని వృత్తమును 48 సమభాగములు చేయుట సాధ్యమే. ఆఱుభాగములు చేయుట మీరు ఎఱిగినదే. ప్రతిభాగమును సగము చేయుచు బోయినచో 12, 24, 48 వచ్చును. కాని 118 భాగములు? అది యెంత నేర్పరికిని సాధ్యము గాదు. ఇది నేర్పున కొఱత గాదు, గణితము విధించిన హద్దు. 1796లో పదునెనిమిదేండ్ల గౌస్ పండితుడు వృత్తమును 17 సమభాగములు చేయవచ్చునని కనుగొనెను; ఏ సంఖ్యలకిది సాధ్యమో యతడు పిమ్మట సూత్రమును జెప్పెను; ఇతరములకు సాధ్యము గాదని 1837లో వాంట్‌జెల్ నిరూపించెను. 118 అనగా రెండు యేబదితొమ్ములు. 148 అనగా నాలుగు ముప్పదియేడులు. 59యును 37యును ఆ సూత్రమునకు లొంగని సంఖ్యలు. అందుచే పాతకాలపు లేఖకు డిట్టి వలయమును విభాగినితో అడుగులు వేయుచు, తప్పినచో దిద్దుచు, కంటి యందాజుతో నింపవలసియుండెను. 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధముగల వలయమున 118 చుక్కలు పెట్టినచో రెండు చుక్కల నడిమి దూరము సుమారు 5.3 మిల్లీమీటర్లు. విభాగిని అడుగు అడుగునకు మిల్లీమీటరులో పదవవంతు తప్పినను, చుట్టు తిరిగి వచ్చునప్పటికి 11.8 మిల్లీమీటర్లు తప్పును; అనగా రెండు చుక్కలకు బైగా ఎక్కువో తక్కువో యగును. మన దీపమునకు బట్టిన దుర్గతియే దీనికిని బట్టును.

కంప్యూటరునందు ఒక చుక్కను గీసి, “పోలార్ అర్రే” అను ఆజ్ఞ నిచ్చి, కేంద్రమును జూపి, 118 అని సంఖ్యను దెలిపిన జాలును. 360 భాగలను 118చే భాగించి, వచ్చిన కోణమునకు పదిపండ్రెండు దశాంశస్థానములవఱకు లెక్కగట్టి, చుక్కలను రెప్పపాటులో దీర్చును. మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె 118ని తొలగించి 120 వేసి చూచినది. కంటికి భేద మేమియు దెలియలేదు. “తెలియనప్పుడు ఏదైన నేమి?” అని యడిగినది. మంచి ప్రశ్నయే. భేదము కంటికి దెలియదు గనుకనే లెక్క వ్రాసియుంచవలెను. తెలియు భేదమును ఎవరైనను దిద్దుదురు.

ఇక జాతీయపతాక. దీని కథ యాంధ్రుల కెల్లరకు దెలిసినదే. కృష్ణామండలమున భట్లపెనుమఱ్ఱులో జనించిన పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సమితి కూడినప్పుడు గాంధీగారికి పతాక నమూనా నొసగిరి. ఆనాటి పతాకముల నడుమ నుండినది రాట్నము. 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగసభ త్రివర్ణపతాకను స్వీకరించునప్పుడు రాట్నమునకు బదులు అశోకచక్ర ముంచబడినది. లేఖకుని కంటితో జూచినచో ఈ మార్పునందొక సౌకర్యము కలదు. రాట్నమునకు ఎడమ కుడులు వేఱు. వెనుకనుండి చూచినచో తలక్రిందులు గాకున్నను అటుదిటు గనబడును. చక్రమునకు ఆ చిక్కు లేదు. 24 ఆకులు, ఆకునకు ఆకునకు నడుమ 15 భాగలు, ఎటు చూచినను నొక్కటే. గాలిలో రెండు ముఖములు గనబడు వస్తువునకు సమరూపత యలంకారము గాదు, అవసరము.

పతాకనియమావళియందు నేను విద్యార్థులకు జూపిన మఱియొక విశేషము కలదు. 6300 × 4200 మిల్లీమీటర్ల పెద్దపతాకకు చక్రపు వ్యాసము 1295; 900 × 600 పతాకకు 185; 150 × 100 మిల్లీమీటర్ల చిన్నపతాకకు 25. భాగించి చూడుడు. పెద్దదానియందు చక్రము పతాక యెత్తులో నూటికి దాదాపు 31 పాళ్లు. చిన్నదానియందు సరిగా 25 పాళ్లే. అనగా చిన్న పతాక పెద్దదానికి కేవలము కుదించిన రూపము గాదు. దాని చక్రమునకు వేఱు కొలత నిర్ణయింపబడినది. చిహ్నమును కుదించుట యనునది ఒక్క గుణకారముతో దీరు పని గాదని దీనివలన దెలియుచున్నది.

ఇప్పుడు మన దీపము. కేంద్రమును సున్న, సున్న యను స్థానమున నుంచితిమి. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధముతో వెలుపలి వృత్తము. “ఆఫ్‌సెట్” అను ఆజ్ఞతో దానికి 12 మిల్లీమీటర్లు లోపల, 38 వ్యాసార్ధముతో రెండవది. ఈ రెంటి నడిమి పట్టీయందు పాఠశాల నామము. ఒక కిరణమును 28నుండి 35 వఱకు నిట్టనిలువుగ గీసి, పదునాఱుసార్లు త్రిప్పితిమి, ఒక్కొక్కటి 22.5 భాగలు. దీపమును సగము మాత్రమే గీసితిమి. నిలువు అక్షముపై “మిర్రర్” ఆజ్ఞతో రెండవ సగము వచ్చినది. సగము గీయుట సోమరితనము గాదు. రెండు సగములను వేఱువేఱుగ గీసినచో ఎన్నటికిని ఒక్కటి గావు. అద్దమునకు మాత్ర మా శక్తి కలదు. కొలతలకై గీసిన సహాయరేఖల నొక పొరయందును, అసలు గీతలను వేఱొక పొరయందును ఉంచవలెను. పని ముగిసిన పిమ్మట సహాయరేఖల పొరను మాటుపఱుపవచ్చును.

దీపమునకు క్రింద పాత చిహ్నమున రెండు కొమ్మ లుండెను. అవి వేరుసెనగ కొమ్మలని పెద్దలు చెప్పుదురు. సాలీనా సగటున 550 మిల్లీమీటర్లకు మించి వాన యెఱుగని యీ పీఠభూమిలో రైతు నమ్ముకొన్న పంట యదియే గావున, మొదట చిహ్నమును గల్పించినవారు దాని నెన్నుకొనియుందురు. పాత గోడబొమ్మ ప్రకారము ఆకునకు మూడేసి పత్రకములు గీయుచుండగా, ఏడవ తరగతి పిల్లవాడొకడు వెనుకనుండి, “అది కందాకు సార్, శెనిక్కాయాకు గాదు” అనెను. నేను నమ్మలేదు. మఱునాడు వాడు తమ చేనినుండి రెండాకులును దెచ్చి బల్లపై నుంచెను. వేరుసెనగ యాకునకు పత్రకములు నాలుగు, రెండు జంటలుగా, కందికి మూడు. ఇన్నాళ్లు మన పాఠశాల చిహ్నముపై కందికొమ్మ యుండెనన్నమాట! ఏండ్ల తరబడి చేలగట్లపై నడచినవాడనే. ఆకును లెక్కించి యెఱుగను.

పత్రకపు అంచు వృత్తఖండము గాదు. మొదట సన్నమై పోనుపోను వెడలుపగు వంపు. ఇట్టి వంపులకు బెజియే వక్రరేఖ లనునవి కలవు. ఫ్రాన్సుదేశమున రెనో మోటారుకార్ల కర్మాగారమున పియేర్ బెజియే యనునతడును, సిత్రోయెన్ కర్మాగారమున 1959 ప్రాంతమున పాల్ ద కాస్తెల్జో యనునతడును వేఱువేఱుగ దీనిని సాధించిరి. నాలుగు బిందువులు చాలును. మొదటిదియు నాలుగవదియు వంపునకు కొనలు. నడిమి రెండును దానిని దమవైపునకు లాగు చేతులవంటివి. మోటారుకారు రేకు వంపుకై పుట్టిన యీ విద్యయే నేడు మనము చదువు నచ్చక్షరముల వంపులను గూడ దీర్చుచున్నది. మేము పత్రకమునకు సగపు అంచు నొక్క వంపుతో గీసి, అద్దముతో పత్రకమును, మఱల నద్దముతో జంటను, నకలుతో రెండవ జంటను బడసితిమి. బిందువులు మితిమీఱి వాడరాదు. క్రొత్తగా నేర్చువారు వంపు పొడుగున పదిపండ్రెండు బిందువులు గుచ్చి గతుకులబాట చేయుదురు.

అందఱికంటె నెక్కువ శ్రమపెట్టినవి అక్షరములు. “గుమ్మఘట్ట” యను మాట మన కంటికి నాలుగు అక్షరములు. కంప్యూటరు లెక్కలో తొమ్మిది: గకారము, కొమ్ము, మకారము, పొల్లు, మఱల మకారము, ఘకారము, టకారము, పొల్లు, మఱల టకారము. వృత్తపు పట్టీవెంట అక్షరములను దీర్చు నాజ్ఞ యీ తొమ్మిదింటిని విడివిడిగా నిలిపి, ఒత్తులను తల్లినుండి వేఱు చేసినది. ఇంగ్లీషునకై చేసిన యేర్పాటు తెనుగునకు నప్పలేదు. కావున నామమును వేఱొక సాఫ్టువేరున సరిగా గూర్చి, అక్షరములను గీతలుగా మార్చి, నాలుగు ముక్కలుగా దెచ్చి, ఒక్కొక్కదానిని చేతితో ద్రిప్పి పట్టీలో నిలిపితిమి. తెనుగునకు క్రింద ఒత్తులకును పైన గుడులకును చోటు కావలెను గనుక, మొదట 8 మిల్లీమీటర్లుగా నున్న పట్టీని 12 చేయవలసివచ్చినది. ఇది ముందుగా దెలిసియుండినచో రెండు సాయంకాలములు మిగిలెడివి.

చిహ్నము పెద్దదిగా నెట్లుండునో చూచి మురియుటకంటె, మిక్కిలి చిన్నదిగా నెట్లుండునో చూచుట మేలు. రాయదుర్గమున జీన్సు వస్త్రములు కుట్టు పరిశ్రమ యున్నదని మీ రెఱుగుదురు. మీలో ననేకుల యన్నలు, అక్కలు అచ్చట పనిచేయుచున్నారు. చొక్కాజేబుపై చిహ్నమును కుట్టు యంత్రపు సూది లావు సుమారు ముప్పాతిక మిల్లీమీటరు. రాష్ట్రచిహ్నపు 118 చుక్కల వలయమును 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధమునకు కుదించినచో చుక్కకు చుక్కకు నడిమి దూరము అరమిల్లీమీటరు. సూదియే అంతకంటె లావు! చుక్కలన్నియు గలిసి దారపు ముద్దయగును. మన చిహ్నమున వేరుసెనగ యూడలను, కాయపై గళ్లను మొదట ముచ్చటపడి గీసితిమి. జేబు కొలతకు కుదించి చూచి, గళ్లను దీసివైచితిమి. ఊడలు మాత్రము నిలిచినవి. నేలలోనికి దిగు నూడ లేని వేరుసెనగ వేరుసెనగ గాదని పిల్లలు పట్టుపట్టిరి. పతాకనియమావళి చేసినట్లే మేమును చిన్న కొలతకు వేఱు రూపము నిర్ణయించితిమి: నామము లేదు, కొమ్మలు లేవు, దీపమును పదునాఱు కిరణములును మాత్రమే.

ఇంక రెండుమూడు జాగ్రత్తలు. ప్రతి రూపముయొక్క హద్దుగీతయు పూర్తిగా మూసికొనియుండవలెను. చెఱువుకట్టకు గండి పడినచో నీరు నిలువనట్లు, గీతకు వెండ్రుకవాసి గండియున్నను రంగు నిలువదు; పొర్లి పుటమంతయు నిండును. ఒక గీతపై నింకొక గీత పడియుండరాదు. తెఱపై నొక్కటిగనే కనబడును గాని, రేకును గోయు యంత్రము అదే దారిని రెండుమాఱులు గోసి రేకును బాడుచేయును. రంగులు నింపుటకు నక్షా సాఫ్టువేరు అనువు గాదు, గీతలను డి.ఎక్స్.ఎఫ్. రూపమున భద్రపఱచి, ఇంక్‌స్కేప్ వంటి దానియందు రంగులు వేసికొనుట సుకరము. జాతీయపతాకను, ప్రభుత్వచిహ్నములను అభ్యాసమునకు గీసి చూడవచ్చును గాని, 1950 నాటి చట్టము ప్రకారము అనుమతి లేక వర్తకముద్రలుగా వాడరాదు. అంగడికి బోర్డు గీయబోవు విద్యార్థు లిది మఱువరాదు.

క్రొత్త రబ్బరు ముద్ర వచ్చినది. గోడకు రేకుపై గోసిన అచ్చు నుంచి రంగు వేసితిమి. కంప్యూటరులోని ప్రతి యొకటి పాఠశాలయందును, ఒకటి వేఱుచోటను గలవు. కంప్యూటర్లు చెడును, సాఫ్టువేరులు మాఱును; అందుచే పాఠశాల దస్తరమునందొక పుటలో సిరాతో నిట్లు వ్రాసియుంచితిమి: వెలుపలి వృత్తము 50, లోపలిది 38; కిరణములు 16, నిడివి 28నుండి 35 వఱకు; ఆకునకు పత్రకములు 4; కాయలు రెండు, ఊడలు రెండు. పదునాఱును మార్చకుండుటకు గారణము గలదు. వృత్తమును పదునాఱు సమభాగములు చేయుటకు కంప్యూటరు అక్కఱలేదు. వృత్తలేఖినియు గీతబద్దయు జాలును. ఆ పుటను జూచి ఎనిమిదవ తరగతి విద్యార్థులు మొన్న బయలున సున్నపుపొడితో, తాడును మేకును గొని, ఇరువదియడుగుల దీపమును గీసిరి. కిరణములు పదునాఱు వచ్చినవి.